శ్వేతపత్రమును చదువు విధము

(సంఘ వార్షిక మహాసభయందు గావింపబడిన యుపన్యాసము)



శ్వేతపత్రమను మాట నేడు తఱచుగా వినవచ్చుచున్నది. 2023 డిశంబరు 20వ తేదీన తెలంగాణ శాసనసభయందును, 2024లో ఆంధ్రప్రదేశమునందును వెలువడిన శ్వేతపత్రములు ముఖ్యముగా గడచిన పాలనను గూర్చిన లెక్కలు. అయితే బ్రిటిషు పార్లమెంటు సంప్రదాయమున దీని ముఖ్యప్రయోజనము వేఱు: రాబోవు శాసనముయొక్క స్వరూపమును ముందుగా ప్రజల కెఱిగించుట. నీలపు అట్టలతో వెలువడు పెద్ద నివేదికలకు బ్లూబుక్కులని పేరు. అట్టి యట్టలు లేని చిన్న పత్రములకు శ్వేతపత్రములను పేరు కలిగెను.

ఉన్న స్థితి, ప్రభుత్వ నిశ్చయము, దానికి కారణము: ఈ మూడును అందు స్పష్టముగా నుండవలెను. చదువరి క్రియాపదమును పట్టి చూడవలెను. “చేయుదుము” అనుట నిశ్చయము. “తగిన కాలమున ఆలోచింపబడును” అనుట వాగ్దానము కాదు. కర్త లేని వాక్యమునకు బాధ్యుడును లేడు.

ఇంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. శ్వేతపత్రము శాసనము కాదు. 1933 మార్చిలో భారత రాజ్యాంగ సంస్కరణలను గూర్చి వెలువడిన శ్వేతపత్రమున, ఏర్పడబోవు ఒరిస్సా రాష్ట్రములో జయపురము, పర్లాకిమిడి చేరలేదు. ఒరియా నాయకులు ఊరకుండక తమ వాదమును లండనువఱకు కొనిపోయిరి. 1934లో పార్లమెంటు సంయుక్తసంఘము జయపురమును, పర్లాకిమిడి పట్టణముతో గూడ కొంత భాగమును చేర్పుమనెను. 1936 ఏప్రిలు 1వ తేదీన అట్లే జరిగెను. ఆంధ్రుల ప్రతిఘటనము ఫలింపలేదు. పర్లాకిమిడిలో జీవితము గడపిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ యూరు విడిచి రాజమహేంద్రవరమునకు తరలిపోయిరి.

కావున పత్రము ప్రతికూలమైనచో నిరాశపడరాదు, అనుకూలమైనచో నిద్రింపరాదు. పత్రమునకును శాసనమునకును నడుమనున్న కాలమే మనది. 2014లో భారతప్రభుత్వ మంగీకరించిన విధానము ప్రకారము చిత్తుశాసనములను కనీసము 30 దినములు ప్రజాభిప్రాయమునకై ప్రకటింపవలెను. ఈ విధానము ఎల్లవేళల పాటింపబడుట లేదు. అందుచే మన మెలకువ మఱింత యవసరము.

మన సంఘమున న్యాయవాదులు, ఉపాధ్యాయులు, పట్టభద్రులైన యువతీయువకులు కలరు. వారిలో నలుగురైదుగురు ఇట్టి పత్రములను చదివి, సారమును ఒక్క పుటలో సులభమైన తెలుగున వ్రాసి గ్రామశాఖలకు పంపవలెను. గ్రామశాఖలు తమ యనుభవమును, లెక్కలతోను సాక్ష్యములతోను, గడువు లోపల తెలుపవలెను. వ్యయము స్వల్పము. పోషకులు దీనికి తోడ్పడుదురుగాక యని ప్రార్థించుచున్నాను.