నూలు గుడ్డకు ఎంజైమ్ నునుపు: వస్త్ర సాంకేతిక పట్టభద్రులకు స్నాతకోత్సవ ప్రసంగం

నూలు గుడ్డను వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే పైన సన్నటి నూగు కనిపిస్తుంది. దారంలో ఇమడక బయటికి పొడుచుకొచ్చిన పీచుల కొసలవి. నాలుగు ఉతుకులు పడేసరికి అవి పెనవేసుకుని ఉండలు కడతాయి; గుడ్డ పాతబడినట్టు కనబడుతుంది. ఆ నూగును ఎంజైమ్‌తో తొలగించడాన్ని బయోపాలిషింగ్ అంటారు. పైన పట్టించే సాఫ్టెనర్ ఉతుకులతో పోతుంది. నూగు పోగా వచ్చిన మెత్తదనం చాలాకాలం నిలుస్తుంది.

ఈ పని చేసే ఎంజైమ్ సెల్యులేజ్. రెండో ప్రపంచ యుద్ధంలో సాలొమన్ దీవుల్లో అమెరికా సైన్యపు నూలు గుడారాలు ఒక బూజు పట్టి చివికిపోయాయి. ఆ బూజుపై పరిశోధించిన ఎల్విన్ రీస్ పేరు మీదే తర్వాత దానికి ట్రైకోడెర్మా రీసీ అని పేరు పెట్టారు. నాడు గుడారాలను తిన్న ఎంజైమే నేడు అదుపులో ఉంచితే చొక్కాకు నునుపు తెస్తోంది.

గుడ్డను ముందే సిద్ధం చేయాలి. నేతకు ముందు పడుగుకు పట్టించిన గంజిని అమైలేజ్ కరిగిస్తుంది. బ్లీచింగ్ తర్వాత మిగిలిన హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కెటలేజ్ నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. అలా తీసేయకపోతే ఆ పెరాక్సైడ్ సెల్యులేజ్‌నూ, తర్వాత వేసే రంగునూ దెబ్బతీస్తుంది.

సెల్యులేజ్ అణువు పెద్దది కాబట్టి పీచు లోపలికి సులువుగా చొరబడలేదు. అందుకే ముందుగా పైనున్న కొసల మీద పడి సెల్యులోజ్ గొలుసులను తెంచుతుంది. బలం తగ్గిన ఆ కొసలు యంత్రంలో గుడ్డ దొర్లే రాపిడికి రాలిపోతాయి. ఆ రాపిడి లేకుండా ఎంజైమ్ ఒక్కటే ఈ పని పూర్తిచేయలేదు.

ఆమ్ల సెల్యులేజ్‌కు పీహెచ్ 4.5 నుంచి 5.5, వేడి 50 నుంచి 55 డిగ్రీల సెల్సియస్ అనుకూలం. ఇది చురుగ్గా పనిచేస్తుంది గానీ, జీన్స్ గుడ్డలో ఊడిన నీలిరంగు తెల్లదారాలకు మళ్లీ అంటుకుంటుంది. తటస్థ రకం నిదానంగా పనిచేస్తుంది. ఆ మరక తక్కువ.

ఎప్పుడు ఆపాలో తెలియడమే ఇందులో నేర్పు. సమయం మించితే నూగుతో పాటు దారమూ దెబ్బతింటుంది. అందుకే పని కాగానే నీటిని 80 డిగ్రీలకు వేడిచేసి గానీ, సోడా యాష్‌తో పీహెచ్‌ను 10 దాకా పెంచి గానీ ఎంజైమ్‌ను నిలిపేస్తారు. సాధారణంగా గుడ్డ బరువు 3 నుంచి 5 శాతం తగ్గితే చాలు. డైహౌస్‌లో చేరబోయే పట్టభద్రులు ప్రతి లాటుకూ చూడవలసిన లెక్కలు రెండు: తగ్గిన బరువు, మిగిలిన బలం.