అమ్మ అడిగే ప్రశ్న: ఓడ యాడుందిరా?

మాది కడప. సముద్రం చూడాలంటే నెల్లూరు దాకా పోవాల. అయినా మా ఇంట్లో రోజూ ఓడ మాటే. మా తమ్ముడు డ్రై బల్క్ షిప్పులో పనిచేస్తాడు. బొగ్గు, ఖనిజం, గోధుమల్లాంటివి మూటలు కట్టకుండా నేరుగా పోసుకుని పోయే ఓడ అన్నమాట. పాత కడప జిల్లా మంగంపేట ముగ్గురాయి కూడా కృష్ణపట్నం రేవు నుంచి ఇట్లాంటి ఓడల్లోనే విదేశాలకు పోతుంది.

ఒకరోజు పొద్దున్నే అమ్మ "ఓడ యాడుందిరా?" అంది. ఫోన్‌లో యాప్ తీశా. చుక్క నడిసముద్రంలో ఆగిపోయింది. చివరి సిగ్నల్ 14 గంటల కిందట! అమ్మకు ఏం చెప్పాలో తెలీలే. ఆమె ఆ పూట అన్నం ముట్టలేదు.

రెండో రోజు సాయంత్రం శ్రీలంక దగ్గర చుక్క మళ్లీ కనబడింది.

ఎందుకిట్లా జరుగుతుంది? ఓడలో ఏఐఎస్ అనే పరికరం ఉంటుంది. ఓడ నడుస్తున్నప్పుడు కొన్ని సెకన్లకోసారి తన వేగం, దిక్కు రేడియోలో చెబుతుంది. ఒడ్డున ఉన్న రిసీవర్లకు అది సుమారు 70, 80 కిలోమీటర్ల వరకే అందుతుంది. ఆ దూరం దాటితే శాటిలైట్ పట్టుకోవాల. మెరైన్ ట్రాఫిక్, వెసెల్ ఫైండర్ లాంటి యాప్‌లలో శాటిలైట్ సమాచారానికి డబ్బు కట్టాల. మనది ఫ్రీ యాప్ కదా! చుక్క ఆగిందంటే ఓడ ఆగినట్టు కాదు.

ఇంకో మాట. ఓడను పేరుతో వెతకొద్దు. ఒకే పేరుతో చాలా ఉంటాయి, ఓనర్ మారితే పేరూ మారుతుంది. ఏడంకెల ఐఎంఓ నంబరు మాత్రం ఓడ జీవితాంతం మారదు. అదే అడిగి రాసిపెట్టుకోండి.

ఆ నంబరు కొడితే వివరాలన్నీ వస్తాయి. తమ్ముడిది సుప్రామాక్స్ రకం. పొడవు సుమారు 190 మీటర్లు, వెడల్పు 32, సరుకు గదులు ఐదు, క్రేన్లు నాలుగు. డెడ్‌వెయిట్ 50 వేల టన్నుల పైన. అందులో సరుకే కాదు, ఇంధనం, నీళ్లు, తిండి సామాను కూడా కలిసే ఉంటాయి.

డ్రాఫ్ట్ అంటే ఓడ నీళ్లలో ఎంత లోతు మునిగిందో చెప్పే లెక్క. అది పెరిగితే సరుకు ఎక్కింది, తగ్గితే దిగింది. కానీ దాన్నీ, చేరే రేవు పేరునూ సిబ్బందే చేత్తో కొడతారు. మర్చిపోతే పాతదే కనబడుతుంది.

మీ ఇంట్లో ఎవరైనా ఓడ మీద ఉంటే ఐఎంఓ నంబరు, కంపెనీ ఎమర్జెన్సీ నంబరు ఈరోజే తీసుకోండి. చుక్క ఎందుకు ఆగుతుందో అమ్మకు ముందే చెప్పి పెట్టండి. నేను చెప్పలేదు, అందుకే ఆమె ఆ పూట పస్తుంది.

వీడియో పనికొచ్చిందనిపిస్తే వాళ్లకు షేర్ చేయండి.