ఆకును కాచు ఎంజైములు



కొల్లేటి పరిసరములందు రొయ్యపొట్టును చూడనివారుండరు. ఆ పొట్టునకు గట్టిదనమిచ్చు పదార్థములలో కైటిన్ ముఖ్యమైనది. వరిపైరును చెరచు శిలీంధ్రముల దేహపు గోడలలోను ఈ కైటినే ఉన్నది. వరియాకు గోడలలో మాత్రము అది లేదు, అందున్నది సెల్యులోజు. ఈ భేదమే ఆకునకు రక్ష.

పాముపొడ తెగులునే చూడుడు. ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతముల వరిరైతునకు ఇది పరిచితమే. రైజోక్టోనియా సొలానీ యను శిలీంధ్రము దీనికి కారణము. గత పంటనాడు నేలలో మిగిలిన దాని చిన్న గడ్డలు దమ్ముచేసినపుడు నీటిపై తేలి, దుబ్బు మొదళ్లకు అంటుకొని మొలకెత్తును. నీటిమట్టము చెంత ఆకుమట్టలపై మచ్చలు పుట్టి, ఒకదానితో నొకటి కలిసి, పాముచర్మమువలె కనిపించును.

శిలీంధ్రము సోకినపుడు ఆకు ఊరకుండదు. కైటిన్ తునకలను గుర్తుపట్టు ప్రోటీను వరికణములపై నున్నదని 2006లో జపాను శాస్త్రజ్ఞులు తెలిపిరి. ఆ గుర్తు అందగానే ఆకు కైటినేజ్, గ్లూకనేజ్ అను ఎంజైములను హెచ్చుగా తయారుచేయును. మొదటిది శిలీంధ్రపు గోడలోని కైటిన్ గొలుసును, రెండవది గ్లూకాన్ గొలుసును తెంచును. గోడ బలహీనమైన చోట శిలీంధ్రము చితుకును. కైటిన్ లేని ఆకుగోడకు కైటినేజ్ వలన హానిలేదు.

చిక్కుడుజాతి మొక్కనుండి తీసిన కైటినేజ్ శిలీంధ్రపు పెరుగుదలను అరికట్టునని 1986లో రుజువైనది. ఆ ఎంజైము జన్యువును పొగాకులో ప్రవేశపెట్టగా, ఆ మొక్కలు రైజోక్టోనియాను మెరుగుగా తట్టుకొన్నవని 1991లో వెల్లడియైనది. 1995లో వరియందును ఇట్టి ఫలితమే కనబడెను.

అయినను పాముపొడను పూర్తిగా జయించు వరిరకము నేటికిని లేదు. కనుక ఆకు చేయు పోరాటమునకు రైతు తోడు కావలెను. యూరియా మితిమీరిన పైరు ఒత్తుగా, మెత్తగా పెరుగును; గాలి సోకక తేమ నిలుచును; తెగులు ఒక దుబ్బునుండి మరియొక దుబ్బునకు ప్రాకును. నత్రజనిని దఫాలుగా, మితముగా వేయుట, పొటాషును మరువకుండుట, నాట్లలో కాలిబాటలు విడుచుట, గట్లపై గడ్డి తీయుట మేలు. ట్రైకోడెర్మా యను మిత్రశిలీంధ్రము సయితము కైటినేజ్‌ను స్రవించి శత్రుశిలీంధ్రమును తినును. దానిని పశువుల ఎరువులో వృద్ధిచేసి చల్లవచ్చును.

తెగులు ముదిరినపుడు మందు తప్పదు. కాని తెగులు పేరెరుగక కొట్టిన మందునకు సొమ్ము దండుగ, పైరునకు ఫలము సున్న. దుకాణమునకు పోవుటకు ముందు గ్రంథాలయమున ఒక గడియ కూర్చుండి వ్యవసాయ గ్రంథమును తిరుగవేసిన రైతునకు ఆ సొమ్ము మిగులును. పల్లెకు గ్రంథాలయము చేయు మేలు ఇట్టిదే.