68 లక్షల టూ బీహెచ్‌కే: ఆ రేటు కరెక్టేనా?

పోయిన ఎపిసోడ్ తర్వాత మీలో చాలామంది అడిగింది ఒక్కటే. "అన్నా, ఓనర్ చెప్పే రేటు కరెక్టో కాదో ఎలా తెలుస్తుంది?" ఇవాళ నా సొంత కథే చెప్తాను.

పోయినేడాది కూకట్‌పల్లి దగ్గర ఒక రీసేల్ ఫ్లాట్ చూశాం. 1050 ఎస్‌ఎఫ్‌టీ, పన్నెండేళ్ల బిల్డింగ్, ఓనర్ చెప్పింది 68 లక్షలు. ఏజెంట్ ఒకటే ఫోన్లు. "సాయంత్రంలోపు లక్ష టోకెన్ ఇవ్వండి సార్, ఇంకో పార్టీ రెడీగా ఉంది" అని. నా దగ్గర అంత లేదు. నాన్న రిటైర్మెంట్ డబ్బులు తీద్దామన్నారు. అప్పుడు నాకు భయమేసింది. నా డబ్బయితే టోకెన్ ఇచ్చేసేవాణ్ణేమో.

ముందు చేతి నుంచి ఎంత పోతుందో లెక్కేశా. 30 నుంచి 75 లక్షల మధ్య లోన్‌కి ఆర్‌బీఐ రూల్ ప్రకారం బ్యాంకు ఇంటి విలువలో 80 శాతం దాకానే ఇస్తుంది. అంటే 13.6 లక్షలు మనవి. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చులు 2021లో 6 నుంచి 7.5 శాతానికి పెంచారు. అది ఇంకో 5.1 లక్షలు. మొత్తం 18.7 లక్షలు. నాన్న దాచుకున్నదాంట్లో దాదాపు అంతా అయిపోతుంది.

మర్నాడు నాన్న, నేను టేపు పట్టుకుని వెళ్లాం. ఏజెంట్ మొహం మాడిపోయింది. కొలిస్తే కార్పెట్ ఏరియా 740 వచ్చింది. రెరా చట్టం ప్రకారం కార్పెట్ ఏరియాలో లోపలి అడ్డగోడలు కలుస్తాయి, బయటి గోడలు, బాల్కనీ కలవవు. మిగతా 310లో మెట్లు, లిఫ్ట్, కారిడార్‌లో మన వాటా కూడా ఉంటుంది.

అదే వీధిలో ఇంకో ఫ్లాట్ ఉంది. 980 ఎస్‌ఎఫ్‌టీ, 64 లక్షలు. మామూలు లెక్కలో మొదటిది అడుగు 6,476, రెండోది 6,530. మొదటిదే చవక అనిపిస్తుంది కదా? కానీ రెండోదాని కార్పెట్ 760. ఇప్పుడు లెక్కేయండి. మొదటిది అడుగు 9,189, రెండోది 8,421. రెండోదాని రేటుతో చూస్తే మొదటి ఫ్లాట్‌కి 62 లక్షల చిల్లరే రావాలి.

తర్వాత అద్దె. ఆ బిల్డింగ్‌లో టూ బీహెచ్‌కే 18 వేలకి ఇస్తున్నారు. ఏడాదికి 2.16 లక్షలు, అంటే 68 లక్షల మీద 3.2 శాతం. ఈఎమ్ఐ మాత్రం 54.4 లక్షల లోన్‌కి, 8.5 శాతం వడ్డీతో, ఇరవై ఏళ్లకి నెలకి 47 వేలు.

"రేటు పెరుగుతుంది కదా బ్రో" అంటారు. పెరగొచ్చు. కానీ బిల్డింగ్ పాతబడుతుంది, పెరిగేది భూమి. అందుకే సేల్ డీడ్‌లో యూడీఎస్ చూడండి, అంటే భూమిలో మన వాటా. మొదటిదానికి 32 గజాలు, రెండోదానికి 41. ఏజెంట్ ఈ మాటే ఎత్తలేదు.

ఇంకో మాట. ఆన్‌లైన్‌లో కనిపించేవి అడిగే రేట్లు, అమ్ముడైన రేట్లు కావు. వాచ్‌మన్‌ని, అసోసియేషన్ వాళ్లని అడగండి, ఈ మధ్య ఎవరు ఎంతకి అమ్మారో చెప్తారు. ఈసీ తీయించి తాకట్టు ఏమైనా ఉందేమో కూడా చూసుకోండి.

మేం 62 అన్నాం. ఓనర్ అంకుల్ 66 దగ్గర ఆగిపోయారు. లెక్కల పేపర్ ఆయనకే ఇచ్చి, దండం పెట్టి వచ్చేశాం. రెండోది మేం తేల్చుకునేలోపే అమ్ముడైపోయింది. అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ అద్దె ఇంట్లోనే ఉంటున్నాం, టేపు మాత్రం నా బైక్ డిక్కీలోనే ఉంది.

మీరు చూసిన ఫ్లాట్‌కి కూడా ఈ లెక్క వేయండి. టోకెన్ ఇచ్చాక కాదు, ఇచ్చే ముందు. వచ్చే ఎపిసోడ్‌లో ఈసీ ఎలా చదవాలో చూద్దాం. ఉంటాను, బై.