బ్యాండు పిల్లలు – పదవ తరగతి తరువాత

(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగలో కట్టిన దేవాలయములను గూర్చి, ఆసుపత్రులను గూర్చి మాటలాడువారు చాలమంది ఉన్నారు. మేము ఒక చిన్న సంగతి మీ యెదుట పెట్టదలచితిమి. స్వాతంత్ర్య దినమున జెండా ముందు, ఆటల పోటీలలో మార్చింగు ముందు, క్రిస్మసు ఊరేగింపు ముందు డ్రమ్ములు కొట్టుచు, బ్యూగిళ్లు ఊదుచు నడచు పిల్లలను మనమందరము చూచుచున్నాము, చప్పట్లు కొట్టుచున్నాము. ఆ పిల్లలు పదవ తరగతి పరీక్ష వ్రాసి బడి విడిచిన తరువాత ఎక్కడికి పోవుచున్నారు? ఆ ప్రశ్న మనము అడుగుట అరుదు.

మొదట, బడిలో వారు నేర్చినది ఏమిటో చూతము. మన పాఠశాలల బ్యాండ్లలో ఎక్కువగా ఉండునవి సైడు డ్రమ్ము, బేసు డ్రమ్ము, తాళములు, బ్యూగిలు, కొన్నిచోట్ల ఫ్లూటు. బ్యూగిలుకు మీటలు లేవు. ఊపిరి వలన, పెదవుల బిగింపు వలన వచ్చు కొద్ది స్వరములే అందులో పలుకును. ట్రంపెట్టుకు మూడు మీటలున్నవి గనుక అన్ని స్వరములు పలుకును. బ్యూగిలు బాగుగా ఊదినవానికి ట్రంపెట్టు పట్టుట సులభమే గాని, ఎవరైనను చేతికి అందించవలెను గదా! మరియొక సంగతి. పిల్లలు సాధారణముగా మాష్టరుగారు పాడి చూపగా విని పట్టుకొందురు. కాగితము మీది స్వరములను చదువుట చాలమందికి రాదు. ఈ లోటును జ్ఞాపకముంచుకొనుడి. దీనిని గూర్చి తరువాత చెప్పెదము.

బడి విడుచునాడు పిల్లవాడు యూనిఫారముతోబాటు వాద్యమును కూడ అప్పగించి వచ్చును. అది బడి సొత్తు. స్టోరు గదిలో పెట్టి తాళము వేయుదురు. ఆ తరువాత ఇంటర్మీడియట్, పాలిటెక్నిక్, లేక ఐ.టి.ఐ. హాస్టలులో ఉదయము నుండి రాత్రి వరకు చదువే. సంగీతమునకు గంట కొట్టువారు లేరు. ఊదు వాద్యమునకు పెదవి కండరములే ఆధారము. కొన్ని వారములు ఊదకున్నచో బిగువు తగ్గును, కొన్ని నెలలైతే స్వరము నిలువదు. అయిదేండ్లు నేర్చిన విద్య ఒక్క సంవత్సరములో చేయి జారిపోవును.

ఇక ముందున్న ద్వారములు చూతము.

మొదటిది సైనిక బ్యాండ్లు. మన భూసైన్యమునకు మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో 1950లో సంగీత పాఠశాల ఏర్పడినది. నౌకాదళమునకు ముంబయిలో ఐ.ఎన్.ఎస్. కుంజలి అను స్థావరములో సంగీత శిక్షణ జరుగుచున్నది. విశాఖపట్టణములో నౌకాదళపు బ్యాండును మన తీరప్రాంతపు వారు చూచియే యుందురు. 2022లో అగ్నిపథ్ పద్ధతి వచ్చిన తరువాత నౌకాదళము, వైమానిక దళము సంగీతకారులను అగ్నివీరులుగా తీసికొనుచున్నవి. పదవ తరగతి చదువు చాలును. ఆడపిల్లలకు కూడ అవకాశమున్నది. కాని రెండు షరతులున్నవి. ఒకటి, పదిహేడున్నర ఏండ్లు నిండవలెను. రెండు, ఒక వాద్యమును తాళము, శ్రుతి తప్పక వాయించి చూపవలెను. వైమానిక దళము వారి ప్రకటనలలో స్వరలిపి జ్ఞానమును కూడ అడిగియున్నారు. స్టాఫ్ నొటేషను గాని, టానిక్ సాల్‌ఫా గాని, కర్ణాటక పద్ధతి గాని, ఏదైనను సరే.

ఇందులోని కష్టము కూడ దాచకూడదు. అగ్నివీరుల సేవ నాలుగేండ్లు. అటు పిమ్మట నూటికి ఇరువదియైదు మందికి మించి నిలుపుకొనరు. కనుక తక్కినవారు ఇరువదిరెండు, ఇరువదిమూడు ఏండ్ల ప్రాయములో తిరిగి మన ఊళ్లకే వత్తురు. అప్పుడు వారు చేయి తిరిగిన వాద్యకారులు. వారిని మన పాఠశాలల బ్యాండునకు గురువులుగా పిలువ గలిగినచో ఎంత మేలు!

రెండవది పెండ్లి బ్యాండు. క్లారినెట్టు, ట్రంపెట్టు, యుఫోనియము, డ్రమ్ములు, ఇప్పుడు బండి మీద కీబోర్డు. ముహూర్తములున్న నెలలలో రాత్రింబగళ్లు పని. ఆషాఢములో, శూన్యమాసములో చేతులు కట్టుకొని కూర్చుండుటయే. దీనికి తోడు డి.జె. పెట్టెలు వచ్చి పదిమంది పనిని ఒక్కటే లాగుకొనుచున్నది. ఈ పనిలో మన పిల్లలు అనేకులు ఉన్నారు. ఆ సంగతి చెప్పుకొనుటకు వారి తలిదండ్రులు సిగ్గుపడుచున్నారు. ఏల సిగ్గుపడవలెను? మన పెండ్లిండ్లకు వారు కావలెను, మన క్రిస్మసుకు వారు కావలెను. అందరి భోజనములైన తరువాత గాని వారికి విస్తరి వేయకుండుటయే సిగ్గుపడవలసిన సంగతి.

మూడవది సంగీత కళాశాల. విజయనగరములో 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలుగా ప్రారంభమైన కళాశాల మనకు తెలిసినదే. ఇట్టి ప్రభుత్వ కళాశాలలలో నేర్పునది ముఖ్యముగా కర్ణాటక సంగీతము. బ్యాండు పిల్లవానికి అది పరాయిదని తోచవచ్చును. కాని చరిత్ర వేరుగా చెప్పుచున్నది. మద్రాసులో కంపెనీవారి బ్యాండ్లు వాయించిన వరుసలకు ముత్తుస్వామి దీక్షితులవారు సంస్కృత సాహిత్యము కూర్చిరి, వానినే నొట్టుస్వరములందురు. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు యూరోపియన్ గురువు వద్ద వయొలిను నేర్చి మన సంగీతములోనికి తెచ్చెను. మన కాలములో కద్రి గోపాలనాథ్‌గారు మైసూరు రాజభవనపు బ్యాండులో శాక్సాఫోను విని ముగ్ధుడై, దానిని కర్ణాటక కచ్చేరీకి ఎక్కించిరి. సైడు డ్రమ్ము కొట్టిన చేతికి మృదంగము, ఫ్లూటు ఊదిన నోటికి వేణువు దూరము కాదు.

ఇప్పుడు లెక్క చూడుడి. పిల్లవాడు బడి విడుచునది పదునైదు, పదునారేండ్లకు. సైనిక బ్యాండు ద్వారము తెరచుకొనునది పదిహేడున్నరకు. నడుమ ఉన్నవి దాదాపు రెండేండ్లు. ఆ రెండేండ్లలోనే విద్య పోవుచున్నది. పిల్లవానికి ప్రతిభ లేక కాదు, వాద్యము లేక, స్వరలిపి లేక, సాధనకు చోటు లేక పోవుచున్నది. ఈ మూడును ఎవరి యొద్ద ఉన్నవి? మన సంఘముల యొద్దనే ఉన్నవి!

స్వరలిపి సంగతి చూడుడి. టానిక్ సాల్‌ఫా ఇంగ్లండులో పంతొమ్మిదవ శతాబ్దమున సారా గ్లోవర్, జాన్ కర్వెన్ అనువారు వృద్ధిచేసిన పద్ధతి. మిషనెరీలు దానిని లోకమంతట తీసికొనిపోయిరి. మన గాయక బృందములలో పెద్దవారు ఇప్పటికిని ఆ పుస్తకము పట్టి నాలుగు స్వరములలో పాడగలరు. వైమానిక దళము అడుగు విద్య మన దేవాలయపు బల్లల మీద కూర్చుండియున్నది. దానిని పక్క బల్ల మీది కుర్రవానికి నేర్పుట మాత్రమే తరువాయి. ఇక చోటు మాటకొస్తే, ఆదివారము తప్ప మిగిలిన దినములలో మన హాళ్లు చాలవరకు ఖాళీగానే ఉన్నవి.

కాబట్టి ప్రతి పాస్టరేటు మూడు పనులు చేయవలెనని మా మనవి. మొదటిది, బడి విడిచిన బ్యాండు పిల్లల పేర్లు ఒక పుస్తకములో వ్రాసి, ఎవరు ఎక్కడ ఉన్నారో సంవత్సరమునకు ఒకసారియైనను విచారించుట. రెండవది, సంఘము పేర నాలుగైదు ట్రంపెట్టులు, క్లారినెట్టులు కొని, గ్రంథాలయములో పుస్తకము ఇచ్చినట్లు అరువు ఇచ్చుట. పాడుచేసికొందురేమో అను భయము కంటె వాడక తుప్పు పట్టునను భయమే మనకు ఎక్కువ ఉండవలెను. మూడవది, శనివారము సాయంకాలము రెండు గంటలు సాధన. గాయక బృందములోని ఒక పెద్ద స్వరలిపి నేర్పును, పెండ్లి బ్యాండులోని ఒక అన్న వాద్యము నేర్పును. ఆ అన్నకు గౌరవముగా జీతమియ్యవలెను.

అందరు సైనిక బ్యాండులో చేరరు. చేరవలసిన పని కూడ లేదు. నర్సు అగును, టీచరు అగును, లారీ నడపును. అయినను ఆదివారమున దేవుని సన్నిధిలో నిలిచి ట్రంపెట్టు ఊదుటకు ఎవరి ఉద్యోగమును అడ్డు రాదు. నూట యేబదియవ కీర్తన బూర మొదలు తాళముల వరకు వాద్యములను పేరుపేరున పిలుచుచున్నది. వాయించువారు ఏ ఉద్యోగము చేయువారని అందులో అడుగలేదు.

మన పెద్దలు నూరేండ్ల క్రిందట చేతిలో ఉన్న కొద్దిపాటితో బడులు పెట్టిరి. ఆ బడులలో ఊదబడిన బ్యూగిలు గేటు దగ్గర ఆగిపోకుండ చూచుట మన వంతు. పరీక్షా ఫలితములు వచ్చి పిల్లలు వేరు వేరు చోట్లకు చెదరక మునుపే, మీ సంఘములో ఆ పేర్ల పుస్తకమును తెరువుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాము. ప్రభువు మన అధ్యక్ష మండలమును దీవించును గాక.