తండా పాట, పట్నం పాట

 

మన పాట గురించి మాట్లాడే ముందు దూరదేశం కజకిస్తాన్ సంగతి కొంచెం చెప్తాను. అక్కడివాళ్ళూ ఒకప్పుడు మనలాగే సంచారులు. మనవాళ్ళు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని లదేణి నడిపితే, వాళ్ళు గుర్రాలు, గొర్రెల మందలతో గడ్డి మైదానాల్లో తిరిగారు. ఆ మైదానాన్నే స్టెప్పీ అంటారు. మనకు రైళ్ళు వచ్చి లదేణి ఆగిపోయింది. 1871లో బ్రిటిష్ వాళ్ళు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం ఎన్నో సంచార జాతుల మీద దొంగలని ముద్ర వేసింది. అక్కడ సోవియట్ ప్రభుత్వం మందలు లాక్కుని, జనాన్ని బలవంతంగా ఒకచోట కూర్చోబెట్టింది. 1930–33 కరువులో పది లక్షల మందికి పైగా పోయారు. తిరిగే నేల పోయాక, ఆ నేల వాళ్ళ కవిత్వంలో నిలిచింది.

అబాయ్ అనే కవి 1845లో స్టెప్పీలో పుట్టాడు. చదువుకు సెమిపలాటిన్స్క్ పట్నం వెళ్ళాడు. అక్కడి గ్రంథాలయంలో రష్యన్ పుస్తకాలు చదివి పుష్కిన్, లెర్మొంతొవ్ కవితలను తన కజక్ భాషలోకి తెచ్చాడు. స్టెప్పీ రుతువుల మీద తనూ రాశాడు. పట్నం చదువు ఆయన్ని స్టెప్పీకి దూరం చేయలేదు.

ఆ పట్నానికి దగ్గరి మైదానంలోనే సోవియట్ ప్రభుత్వం 1949 నుంచి 450కి పైగా అణు పరీక్షలు చేసింది. ఒల్జాస్ సులేమెనోవ్ అనే కజక్ కవి రష్యన్‌లో రాసేవాడు. 1989 ఫిబ్రవరిలో టీవీలో కవితలు చదవాల్సిన కార్యక్రమంలో కవితలు పక్కనపెట్టి ఆ పరీక్షల గురించి మాట్లాడాడు. పెద్ద ఉద్యమం లేచింది. 1991 ఆగస్టు 29న ఆ కేంద్రం మూతపడింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. పెళ్ళికూతురు ఏడుస్తూ పాడే ఢావ్లో మీలో ఎంతమందికి వచ్చు? పుట్టిన తండాను, పెంచినవాళ్ళను తలుచుకుంటూ పాడే పాట అది. అందులోని మాటలు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకవు. పాడే ముసలమ్మ పోతే మాటలూ పోతాయి. ఆ తర్వాత మన నేల గురించి చెప్పడానికి మన దగ్గర మన మాట ఉండదు.

అమ్రాబాద్ ప్రాంతంలో యురేనియం తవ్వుతారన్నప్పుడు చెంచులు, ఊళ్ళ జనం, కవులు, కళాకారులు గొంతు కలిపారు. 2019 సెప్టెంబరులో శాసనసభ వద్దని తీర్మానం చేసింది. నేల పేరు జనం నోట్లో ఉంది కాబట్టే ఆ గొంతు లేచింది.

అయితే పట్నాన్ని మన పాటలో శత్రువును చేయకండి. బంజారాహిల్స్ అన్న పేరే మనవాళ్ళు అక్కడ ఉన్న కాలం నాటి గుర్తు. 2022 సెప్టెంబరు 17న సేవాలాల్ బంజారా భవన్, కుమురం భీం ఆదివాసీ భవన్ అక్కడే మొదలయ్యాయి. మరి హయత్‌నగర్? దేవరకొండ, అచ్చంపేట తండాల నుంచి వచ్చి ఇక్కడ ఇటుకలు మోసిన యాడీ, ఆటో నడిపే అన్న, హాస్టల్లో రాత్రిదాకా చదివే చెల్లె. వీళ్ళ మీద గోర్‌బోలిలో పాట ఎక్కడుంది? తండా పాట అమ్మమ్మలు కట్టారు. పట్నం పాట మీరే కట్టాలి.

మా హాస్టల్లో అమ్మాయిలు బస్సులో ఇంటికి ఫోన్ చేస్తే గొంతు తగ్గించి మాట్లాడతారు, లేకపోతే తెలుగులోకి మారిపోతారు. పక్కవాళ్ళు నవ్వుతారని భయం. ఆ భయమే మన భాషను తినేస్తోంది. లిపి లేదని చిన్నబోకండి. కజక్ భాష ఒక్క వందేళ్ళలో అరబిక్, లాటిన్, సిరిలిక్ లిపులు మారింది, అయినా బతికింది. మనం తెలుగు అక్షరాల్లో రాసుకుందాం.

ఈసారి తీజ్‌కు ఇంటికి వెళ్ళినప్పుడు రెండు పనులు చేయండి. ఒక ముసలమ్మ పాటను ఫోన్‌లో రికార్డు చేసి, ఎవరు పాడారో, ఏ తండానో, తెలియని మాటకు అర్థమేమిటో అడిగి రాసుకోండి. తిరిగొచ్చాక హయత్‌నగర్ మీద నాలుగు లైన్లు మీ భాషలో రాయండి. కోయ, గోండు, చెంచు పిల్లలు వాళ్ళ వాళ్ళ భాషలో రాయండి. వచ్చే సంచికలో నా ప్రసంగం బదులు అవి రావాలి.