కుక్క నాకితే ఏమవుతుంది?

(రాత్రి బడిలో చేసిన ప్రసంగం)

 

కుక్క విశ్వాసం గల జంతువు. తిన్న ముద్దను మరిచిపోదు. రాత్రంతా ఇల్లు కాస్తుంది. గొర్రెల మంద వెంట నడుస్తుంది. చేలో పడిన పందుల్ని తరుముతుంది. అందుకే పల్లెల్లో చాలా ఇళ్ళ ముందు ఒక కుక్క ఉంటుంది. ఇంట్లో పిల్లలకు అది ఆటతోడు.

అయితే ఒక చిక్కు ఉంది. కుక్క తన ప్రేమను నాలుకతో చూపిస్తుంది. చేతులు నాకుతుంది. కాళ్ళు నాకుతుంది. "కుక్కను ముద్దు చేస్తే మూతి నాకిందట" అని సామెత ఉండనే ఉంది. పెద్దవాళ్ళయితే పక్కకు తోసేస్తారు. రెండేళ్ళ పిల్ల తోయలేదు. పైగా కితకితలు పెట్టినట్టుంటే నవ్వుతుంది. చూసి ఇంట్లోవాళ్ళూ నవ్వుతారు.

ఇది నవ్వి ఊరుకునే సంగతేనా? తెలుసుకుందాం.

కుక్క ఎందుకు నాకుతుంది?

కుక్కపిల్లలు ఆకలైతే తల్లి మూతి నాకుతాయి. ఆ అలవాటు పెద్దయ్యాక కూడా పోదు. మనుషుల చెమటలో ఉప్పు ఉంటుంది. ఆ రుచి కుక్కకు ఇష్టం. పసిపిల్లల మూతికీ చేతులకూ ఎప్పుడూ అన్నం మెతుకులో, బెల్లమో, పాలో అంటుకుని ఉంటాయి. ఇంక కుక్క ఊరుకుంటుందా? నాకినప్పుడల్లా అందరూ నవ్వితే, ఇది మంచి పనే కాబోలు అనుకుంటుంది. మళ్ళీ మళ్ళీ నాకుతుంది.

ఒక్కోసారి కుక్క భయపడి కూడా నాకుతుంది. పిల్లలు మెడ పట్టుకుని వేలాడితే దానికి ఊపిరాడదు. "నన్ను వదులు" అని నోటితో చెప్పలేదు కదా! ముందు మొహం తిప్పుకుంటుంది. తన మూతి తానే నాక్కుంటుంది. ఒళ్ళు బిగబట్టుకుంటుంది. ఆ తరువాత గుర్రుమంటుంది. అప్పటికీ వదలకపోతే కరుస్తుంది.

ఒక ఇంటి సంగతి

ఒక రైతు ఇల్లు అనుకోండి. ఆ ఇంట్లో ఆరేళ్ళ పిల్ల ఉంది. ఆడుకుంటూ రాళ్ళ మీద పడింది. మోకాలు దోక్కుపోయి రక్తం వచ్చింది. ఏడుస్తూ వచ్చి అరుగు మీద కూర్చుంది. ఇంటి కుక్క వచ్చి ఆ పుండును నాకుతోంది.

తల్లి అదిలించబోయింది.

"ఉండనీయవే! కుక్క నాకితే పుండు తొందరగా మానుతుంది" అంది అత్త.

అదే వేళకు నర్సమ్మ పిల్లల టీకాల సంగతి చెప్పడానికి వచ్చింది. ఆ మాట విన్నది.

"అవ్వా! ఈ కుక్కకు పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించారా?" అని అడిగింది.

"దానికి టీకా ఎందుకమ్మా? అది ఎవరినీ కరవదు" అంది అవ్వ.

"కరవక్కర్లేదు అవ్వా. ఆ వ్యాధి చొంగలో ఉంటుంది. పుండు మీద చొంగ పడితే కరిచినట్టే లెక్క. లేవండి, ముందు పుండు కడుగుదాం. తరువాత పిల్లను ఆసుపత్రికి తీసుకుపోవాలి."

తల్లికి భయం వేసింది. "రేపు పోతే కాదా నర్సమ్మా? ఈరోజు మా చేలో నాట్లు" అంది.

"నాట్లు రేపు కూడా వేసుకోవచ్చు. సూది మాత్రం ఈరోజే పడాలి" అంది నర్సమ్మ.

నర్సమ్మ ఎందుకు అంత గట్టిగా చెప్పింది?

పిచ్చికుక్క వ్యాధిని రేబిస్ అంటారు. ఆ క్రిమి కుక్క చొంగలో ఉంటుంది. కుక్కకు జబ్బు లక్షణాలు బయటపడక ముందు కొన్ని రోజుల నుంచే చొంగలో ఉండవచ్చు. కాబట్టి కుక్క బాగానే ఉంది కదా అని ఊరుకోకూడదు. మనిషికి జబ్బు బయటపడడానికి మామూలుగా రెండు మూడు నెలలు పడుతుంది. ఇంకా ముందే రావచ్చు. ఏడాది దాటాక కూడా రావచ్చు. ఒకసారి బయటపడిందా, ఇక బతకడం దాదాపు ఉండదు. కానీ వెంటనే సూదులు వేయించుకుంటే ఈ జబ్బును రాకుండా ఆపవచ్చు.

ఈ తేడా గుర్తు పెట్టుకోండి.

పుండు, గీత లేని చర్మం మీద నాకితే సబ్బుతో కడిగితే చాలు. సూది అక్కర్లేదు.

పుండు మీద, గీరుకున్న చోట, కళ్ళలో, నోట్లో, ముక్కులో చొంగ పడితే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. పుండును పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కళ్ళను, నోటిని మంచినీళ్ళతో కడగాలి.

పుండు మీద సున్నం, కారం, పసరు, కాఫీపొడి పెట్టవద్దు. మంత్రం వేయించి ఊరుకోవద్దు.

కుక్కకు ఏటేటా టీకా వేయించి ఉంటే ఆ కార్డు డాక్టరుకు చూపించాలి. సూది కావాలో వద్దో ఆయన తేలుస్తారు. మనంతట మనం తేల్చుకోకూడదు.

బొడ్డు చుట్టూ 14 సూదులు అని చాలామంది ఇప్పటికీ జంకుతారు. అది పాత మాట. గొర్రె మెదడుతో చేసే ఆ పాత మందును మన దేశంలో 2004లోనే ఆపేశారు. ఇప్పుడు చేతికే వేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మామూలుగా మొదటి రోజు, ఆ తరువాత 3, 7, 28 రోజులకు వేస్తారు. పుండు మీద నాకితే ఆ పుండు చుట్టూ సీరం అనే మందు కూడా వేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రిలో దీనికి డబ్బు కట్టనక్కర్లేదు.

ఆ పిల్లకు ఆ రోజే సూది పడింది. తల్లి చీటీ తీసుకుని తేదీలు కూడబలుక్కుని చదివింది. గోడ మీది క్యాలెండరులో ఆ తేదీలకు సున్నాలు చుట్టింది. ఒక్క తేదీ తప్పలేదు. కుక్కను పది రోజులు కట్టేసి కనిపెట్టుకుని ఉన్నారు. అది బాగానే ఉంది. అయినా డాక్టరు చెప్పేదాకా సూదులు ఆపలేదు.

నాకే అలవాటు మాన్పించడం ఎలా?

కొట్టవద్దు. కొడితే కుక్క బెదురుతుంది. బెదిరిన కుక్క కరుస్తుంది. గుర్రుమన్నప్పుడు కొడితే గుర్రుమనడం మానేసి నేరుగా కరవవచ్చు.

నాకగానే నవ్వవద్దు, అరవవద్దు. చెయ్యి వెనక్కి తీసుకుని, మొహం తిప్పుకుని, లేచి పక్కకు పోవాలి. నాకకుండా కూర్చున్నప్పుడు "మంచిదానివే" అని ఒక ముద్ద పెట్టాలి. ఇంట్లో అందరూ ఇలాగే చేయాలి. ఒకరు వద్దంటూ ఒకరు ముద్దు చేస్తుంటే కుక్కకు ఏమీ తెలియదు. కొన్ని వారాలు ఓపిక పట్టాలి.

పిల్లలు తినేటప్పుడు కుక్కను దూరంగా కట్టేయాలి. తిన్న వెంటనే పిల్లల మూతి, చేతులు కడగాలి. కుక్కకు వేరే చిప్పలో, వేరే చోట పెట్టాలి. పిల్లలకు పుండ్లు ఉంటే గుడ్డ కట్టి ఉంచాలి. పసిపిల్లను, కుక్కను ఒంటరిగా వదిలిపెట్టవద్దు. పది నిమిషాలకైనా సరే.

పిల్లలకూ నేర్పాలి. తింటున్న కుక్కను, నిద్రపోతున్న కుక్కను, పిల్లలకు పాలిస్తున్న కుక్కను ముట్టుకోకూడదు. మెడ పట్టుకుని వేలాడకూడదు. కుక్క మీదికి వస్తే పరుగెత్తకూడదు. చెట్టులా కదలకుండా నిలబడాలి.

కుక్కకు కూడా టీకా

కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే పశువుల ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించాలి. తరువాత ఏడాదికొకసారి. జూలై 6న చాలాచోట్ల ఉచితంగా వేస్తారు. ఆ తేదీకి ఒక కథ ఉంది. 1885లో అదే రోజున ఫ్రాన్సు దేశంలో లూయీ పాశ్చర్ అనే శాస్త్రజ్ఞుడు కుక్క కరిచిన తొమ్మిదేళ్ళ పిల్లవాడికి తన టీకా వేయించాడు. ఆ పిల్లవాడు బతికాడు.

నట్టల మందు కూడా పట్టించాలి. గొర్రెలు, మేకలు కోసినప్పుడు పచ్చి కార్జం, ఊపిరితిత్తులు కుక్కకు వేయవద్దు. వాటిలో నట్టల తిత్తులు ఉండవచ్చు. అవి తిన్న కుక్క కడుపులో నట్టలు పెరుగుతాయి. వాటి గుడ్లు మలంలో వస్తాయి. కుక్క తన వెనుక భాగం నాక్కుని, అదే నాలుకతో పిల్ల మూతి నాకుతుంది. ఆ గుడ్లు పిల్ల కడుపులోకి పోతే కార్జంలో నీటితిత్తులు పెరుగుతాయి. ఆపరేషను దాకా పోవచ్చు.

అక్కలారా, అన్నలారా!

కుక్కను తరిమేయమని కాదు ఈ మాటలు చెప్పడం. ఆ ఇంట్లోనూ కుక్కను తరిమేయలేదు. దానికి టీకా వేయించారు. కార్డును పిల్లల టీకా కార్డు పక్కనే పెట్టారు. ఇప్పుడు కుక్క పిల్ల పక్కన కూర్చుంటుంది కానీ మూతి దగ్గరకు రాదు. పుండును కుక్కతో నాకించే మాట అవ్వ మళ్ళీ ఎత్తలేదు.

ఇళ్ళకు వెళ్ళాక ఒక పని చేయండి. మీ కుక్కకు టీకా వేయించిన తేదీ ఎక్కడైనా రాసి ఉందేమో చూడండి. ఉంటే చదవండి. ఏడాది దాటిందేమో లెక్కపెట్టండి. లేకపోతే రేపు పొద్దున్నే కుక్కను తీసుకుని పశువుల ఆసుపత్రికి పోండి.

సెలవు.